లోకల్ అంటే ఏటి?

సనా కౌంటర్ మీద సంచి బోర్లించింది. నాలుగు తెల్లటి ప్లగ్గులు టపటపా దొర్లాయి. మూడు ఎలాగో ఆగాయి. నాలుగోది ఆగకుండా కిందపడి, బల్బు కొనడానికొచ్చిన పెద్దాయన కాలి మీద వాలింది.

"ఇవి అమ్మింది నువ్వే కదూ?"

కౌంటర్ వెనక ట్యూబ్‌లైటు వెలిగించి చూపిస్తున్న యువకుడు తలెత్తాడు. చొక్కా జేబు మీద ప్లాస్టిక్ బ్యాడ్జి. షాబాజ్ అని రాసుంది.

"నేనే మేడమ్. ఏటయింది?"

"ఏటయిందా? మా నాన్నగారు మూడు గంటలు నేల మీద పడున్నారు. అదయింది!"

సాయంత్రం అయిదు గంటలు. నెహ్రూ చౌక్ నుంచి వచ్చే ఆటోల మోత తప్ప షాపులో ఇంకో చప్పుడు లేదు. ఓనరు దేవీప్రసాద్ గారు బిల్లు రాస్తున్న పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"పొద్దున్న తొమ్మిదింటికి కరెంటు పోయింది," అంది సనా. ఇంకా గట్టిగా అరిచింది. "అరగంటలో వచ్చేసింది. ఊళ్లో అందరి ఫ్యాన్లూ తిరిగాయి. ఈ ప్లగ్గు పెట్టిన మా నాన్నగారిది తిరగలేదు. ఫోన్లో నొక్కితే ఆఫ్‌లైన్ అంటుంది. ఎండేమో మాడిపోతోంది. ప్లగ్గు మీదున్న బటన్ నొక్కుదామని మంచం దిగబోయారు. కుడి చెయ్యీ కుడి కాలూ రెండూ పనిచెయ్యని మనిషి! పడిపోయారు. నేను స్కూలు నుంచి ఒంటిగంటన్నరకి వచ్చి చూస్తే నేల మీద ఉన్నారు. మోచెయ్యి చర్మం లేచిపోయింది."

షాబాజ్ ముఖం మారింది. ట్యూబ్‌లైటు ఆర్పి పక్కన పెట్టాడు. "ఇప్పుడెలా ఉన్నారు?"

"నువ్వడక్కర్లేదు."

"మీ ఇంట్లో నెట్ ఉందా పొద్దున్న?"

"రోడ్డు తవ్వి కేబుల్ తెంపేశారు. నిన్నట్నుంచి లేదు. అయితే?"

"అదే మేడమ్. ఇది నెట్ ఉంటేనే పనిచేత్తాది. మీరు ఫోన్లో నొక్కితే ఆ మాట ముందు కంపెనీ వాళ్ల సర్వర్‌కి పోవాలి. అదెక్కడో దూరంగా ఉంటాది. అక్కణ్ణుంచి మళ్లీ మీ ఇంటికి రావాలి. పైగా కరెంటు పోయి వస్తే ఇది ఆఫ్‌లోనే ఉండిపోద్ది."

"అంటే పక్క గదిలో ఫ్యాను వెయ్యడానికి ఎవడో కంపెనీవాణ్ణి అడగాలా? ఈ సంగతి ఇప్పుడు చెప్తావా?"

"అప్పుడే చెప్పేను!" ఈసారి అతని గొంతూ లేచింది. "లోకల్ తీసుకోండి మేడమ్, లోకలే మంచిది అని రెండుసార్లు చెప్పేను. మీరేగా కాదన్నది!"

సనాకి గుర్తొచ్చింది. ఫిబ్రవరి నెల, శనివారం, షాపు నిండా జనం. "లోకల్ తీసుకోండి" అన్నాడు నిజమే. "లోకల్ మాల్ మా ఇంటికి వద్దు. మంచి కంపెనీది ఉంటే ఇవ్వండి," అంది తను. అదీ నిజమే.

బల్బు పెద్దాయన కిసుక్కున నవ్వారు.

"లోకల్ అంటే ఎవరైనా ఏటనుకుంటారు?" అంది సనా. చెవుల దాకా వేడెక్కింది. "ఊళ్లో తయారయ్యే నాసిరకం సరుకనుకుంటారు!"

"లోకల్ అంటే ఇంట్లోనే కంట్రోల్ అవుతాదని! నెట్ ఉన్నా లేకపోయినా!"

"ఆ ముక్క చెప్పడానికి నోరు నొప్పెట్టిందా?"

దేవీప్రసాద్ గారు లేచి వచ్చారు. "తల్లీ, కూర్చో. నీళ్లు తాగు. కంపెనీకి కంప్లైంట్ పెడదాం..."

సనా నీళ్లు తాగలేదు. మెట్లు దిగి, స్కూటీ మీద కూర్చుని, షాపు బోర్డు ఫోటో తీసింది. ఊళ్లో సగంమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద రాసింది: 'ఈ షాపులో షాబాజ్ అనే సేల్స్‌మాన్ పేషెంట్ ఉన్న ఇంటికి పనికిరాని ప్లగ్గులు అంటగట్టాడు. జాగ్రత్త.' పంపించేసి స్కూటీ స్టార్ట్ చేసింది.

*

సనా తండ్రి ఆదం తాళాలు బాగుచేసేవాడు. బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో ముప్పై ఏళ్లు చిన్న బడ్డీ నడిపాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు, బీరువా తెరుచుకోనివాళ్లు, ఇనప్పెట్టె లోపలే చెవి పెట్టి మూసేసినవాళ్లు, అందరూ ఆయన దగ్గరికే. ఎంతటి తాళమైనా చెవి ఆనించి వింటూ తెరిచే చెయ్యి కిందటేడాది పక్షవాతంతో పడిపోయింది. మాట మెల్లగా వస్తుంది గాని స్పష్టంగానే వస్తుంది.

తల్లి లేదు. సనా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. ఆమె లేనప్పుడు పక్కింటి అప్పలకొండమ్మ వచ్చి చూసుకుంటుంది. మంచి మనిషే. కాని ఫ్యాను వెయ్యమ్మా, లైటు తియ్యమ్మా, టీవీ పెట్టమ్మా అని పూటకి పదిసార్లు ఆమెని పిలవడం ఆదంకి చచ్చేంత సిగ్గు. చెమటతో తడిసిపోయినా పిలిచేవాడు కాదు. అది చూడలేకే సనా ఆ ప్లగ్గులు కొంది. ఎడమ చేత్తో ఫోను నొక్కి మొదటిసారి ఫ్యాను తిప్పుకున్న రోజున ఆయన ముఖం ఎలా వెలిగిందో ఆమెకి ఇంకా కళ్లకి కట్టినట్టుంది.

అందుకే అంత కోపం. ఆ రోజు అప్పలకొండమ్మ కోటవురట్లలో చుట్టాలింటి పెళ్లికి వెళ్లింది. సనా ఫోను స్టాఫ్‌రూమ్ అరలో ఉంది. క్లాసులోకి ఫోను తీసుకెళ్లకూడదని రూలు. మధ్యాహ్నం తీసి చూస్తే నాన్నవి పదకొండు మిస్డ్ కాల్స్.

ఆ ప్లగ్గులు ఏరింది తను. గోడకి పెట్టింది తను. ఫోను అరలో పెట్టి వెళ్లిందీ తనే. ఆ మాట ఎవరూ అనలేదు. అననందుకు సనాకి మరింత మండిపోయింది.

*

ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. అప్పలకొండమ్మ తీసింది.

"అమ్మా సనా, ఎవులో వచ్చేడు. సంచీ అదీ ఉంది. మిస్త్రీలా ఉన్నాడు."

గుమ్మంలో షాబాజ్. భుజాన పనిముట్ల సంచి. చేతిలో అట్టపెట్టె. బ్యాడ్జి లేదు.

"ఎందుకొచ్చావు?"

"బిల్లు మీద అడ్రసు చూసి వచ్చేను, చాచాని చూడ్డానికి. ఇంకా... ఇవి పెట్టి చూద్దామని."

"మళ్లీ అమ్మడానికా? అక్కర్లేదు. వెళ్లు."

"అమ్మడానికి రాలేదండీ. చెప్పాల్సింది సరిగ్గా చెప్పడానికొచ్చేను. ఆ రోజు మీరు లోకల్ మాల్ అనేసరికి నాకు కోపం వచ్చింది. ఇంకోసారి విడమరిచి చెప్పాల్సింది. ఏటైతే నాకేటని ఊరుకున్నాను. అది నా తప్పే."

వాదిస్తాడనుకున్న మనిషి ఒప్పేసుకుంటే ఏమనాలి? సనా తలుపు వెయ్యబోయింది.

"బేటీ," అని లోపల్నుంచి పిలుపు. "రానియ్."

షాబాజ్ చెప్పులు విడిచి లోపలికొచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన మోచెయ్యి చూశాడు.

"మాఫ్ చెయ్యండి చాచా."

ఆదం ఆ మాట పట్టించుకోలేదు. అట్టపెట్టె వైపు గడ్డం చూపించాడు. "తెరువు. ఏముంది?"

మూడు రకాల ప్లగ్గులు, అగ్గిపెట్టెంత చిన్న స్విచ్ ముక్కలు నాలుగైదు, అరచేతిలో పట్టే నల్లటి డబ్బా ఒకటి బయటికొచ్చాయి. ఆదం ఒక్కొక్కటీ ఎడమ చేత్తో తీసుకుని తిప్పి చూశాడు. బడ్డీలో తాళాలు చూసినట్టే చూస్తున్నాడని సనాకి అర్థమైంది. ఏడాదిగా ఆయన కళ్లల్లో ఆమె అలాంటి చూపు చూడలేదు.

"ఈ డబ్బా ఏంటి?"

"ఇదే ఇంటి పెద్ద చాచా. ప్లగ్గులన్నీ దీని మాట వింటాయి. ఇది మీ ఇంట్లోనే ఉంటాది. నెట్ పోయినా దీనికీ ప్లగ్గులకీ మాట్లాడుకోడం ఆగదు."

"మొన్నటిది?"

"దాని పెద్ద వేరే ఊళ్లో ఉన్నాడు."

ఆదం డబ్బా కింద పెట్టాడు. "నా ఇంటి తాళం. చెవి పరాయివాడి దగ్గర." ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు. "అలాంటి తాళం నేనైతే ఎవరికీ వెయ్యను."

"అదే చాచా! సరిగ్గా అదే!" షాబాజ్ సనా వైపు తిరిగాడు. "ఇంత బాగా చెప్పడం నాకు రాలేదు."

"కనిపిస్తూనే ఉంది," అంది సనా.

అప్పలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

మొదటి ప్లగ్గు పెట్టాడు. సనా చేతులు కట్టుకుని నిలబడింది.

"నెట్ తీసేస్తున్నాను," అని రౌటర్‌కి వచ్చే తీగ పీకేసింది.

షాబాజ్ ఫోన్లో నొక్కాడు. ప్లగ్గు ఉలకలేదు. మళ్లీ నొక్కాడు. 'దయచేసి లాగిన్ అవండి' అని వచ్చింది.

"నెట్ లేకుండా లాగిన్ ఎలా అవుతామండీ, సర్?" అంది సనా తియ్యగా.

షాబాజ్ అట్టపెట్టె తీసి చదివాడు. లోకల్ కంట్రోల్ అని పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుంది. అతని ముఖం కందగడ్డయింది. "పెట్టె మీద పచ్చి అబద్ధం రాసేడు! సిగ్గుండాలి!" ప్లగ్గు పీకి సంచిలోకి విసిరేశాడు.

అతనికి తన మీద కాక ప్లగ్గు మీద అంత కోపం రావడం సనాకి ఎందుకో నచ్చింది. నచ్చినట్టు కనపడకుండా కిటికీ వైపు తిరిగింది.

రెండోది నెట్ లేకుండా పనిచేసింది. "ఇప్పుడు మెయిన్ స్విచ్ తీసెయ్," అంది సనా. తీసి, మళ్లీ వేశాడు. ఫ్యాను తిరగలేదు.

"ఆగండి. సెట్టింగ్ మార్చాలి."

"మా నాన్నగారు పడిపోయాక మారుస్తావా?"

"అందుకే కదండీ ఇప్పుడు చూత్తన్నాం!"

సెట్టింగ్ మార్చాడు. మెయిన్ తీసి వేశాడు. రెండు క్షణాల్లో ఫ్యాను దానంతటదే తిరిగింది. ఆదం ఎడమ చేత్తో మంచం పట్టీ మీద టకటకా కొట్టాడు. చప్పట్లు కొట్టడం ఆయనకిప్పుడు అలాగే.

సనా అక్కడితో ఒప్పుకోలేదు. పదిసార్లు మెయిన్ తీయించింది. ఒకసారి నెట్ ఉంచి, ఒకసారి తీసి, ఒకసారి డబ్బాని కూడా ఆపించి చూసింది. డబ్బా ఆగితే అప్పుడు ప్లగ్గు వినలేదు.

"మరి డబ్బా పాడైతే?"

"గోడ మీది స్విచ్ ఎప్పట్లాగే పనిచేత్తాది. అందుకే ఈ చిన్న ముక్కలు. స్విచ్‌బోర్డు వెనక పెడతాం. పాత స్విచ్ అలాగే ఉంటాది. చాచా మంచం మీంచి వేసుకుంటారు, అప్పలకొండమ్మ పిన్ని గోడ దగ్గర వేసుకుంటాది. ఎవరి చెయ్యి వాళ్లది."

"నాకా ఫోన్ల గొడవ రాదు బాబూ," అంది అప్పలకొండమ్మ. "గోడ మీద ఉంటే సాలు."

"గీజరుకి?"

"ఈ చిన్న ప్లగ్గు పెడితే మాడిపోద్ది. దానికి పదహారు ఆంపియర్లది వేరే తేవాలి. వచ్చే ఆదివారం తెత్తాను."

"వచ్చే ఆదివారం కూడా వస్తావా?"

"మీరు వద్దంటే మానేత్తాను."

సనా వద్దనలేదు. రమ్మనీ అనలేదు. అతను తాగిన టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం గీజరు ప్లగ్గుతోపాటు నాలుగు పెద్ద గుండ్రటి బటన్లున్న రిమోటు తెచ్చాడు. మంచానికి ఎడమ పక్క, ఆదం చెయ్యి ఎక్కడ వాలుతుందో కొలిచి మరీ అతికించాడు. ఫోను అక్కర్లేదు. ఒకటి ఫ్యాను, ఒకటి లైటు, ఒకటి టీవీ. నాలుగోది నొక్కితే అప్పలకొండమ్మ ఇంట్లో గంట మోగుతుంది.

"ఆ గంట నేనడగలేదే," అంది సనా.

"మీరు అడగలేదు. నాకు తోచింది."

"ఎవరినడిగి పక్కింటి గోడకి మేకు కొట్టావు?"

"పిన్నినడిగేను."

"నన్నడగాలి! ఈ ఇంటికి ఏం కావాలో నన్నడగాలి!"

"మంచం దిగబోయిన రోజున చాచాకి ఏది కావలసిందో అది పెట్టేను. అందులో మిమ్మల్ని అడిగేదేటుంది?"

అరుచుకుంటున్నారని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మంచం మీద ఆదం టీవీ బటన్ నొక్కి సౌండు పెంచుకున్నాడు.

*

మూడో వారం స్కూటీ మీద వెళ్తూ సనా షాపు ముందు ఆగింది. వంటింటికి ఇంకో ప్లగ్గు కావాలి. కౌంటర్ వెనక వేరే మనిషున్నాడు.

"షాబాజ్ లేడా?"

దేవీప్రసాద్ గారు అద్దాల మీంచి చూశారు. ఆమెని గుర్తుపట్టి, కాస్త ఇబ్బందిగా లేచారు. "అతన్ని తీసేశాను తల్లీ. నువ్వు గ్రూపులో పెట్టావు కదా. ఊరంతా ఫోన్లు. షాపు పేరు పోతోంది. మరునాడే మాన్పించేశాను. ఇకనుంచి అలాంటి ఇబ్బందేం ఉండదు."

"మరునాడా?"

"ఆ. శనివారం."

శనివారం. మొదటి ఆదివారానికి ముందురోజు. ఉద్యోగం పోయిన మర్నాడే గుమ్మంలో నిలబడి మాఫ్ చెయ్యండి చాచా అన్నాడు. ఆమె తలుపు వెయ్యబోయింది.

"అతను సరిగ్గానే చెప్పాడండీ," అంది సనా. "నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ రోజు మీ ముందే చెప్పాడు కదా! మీరు విన్నారు కదా!"

"విన్నాను గాని తల్లీ, కస్టమర్ మాట..."

"నా మాట తప్పని ఇప్పుడు చెప్తున్నాను. ఇదీ కస్టమర్ మాటే!"

అక్కడే నిలబడి ఫోను తీసింది. అదే గ్రూపులో రాసింది. 'ఈ నెల నేను పెట్టిన మెసేజ్ తప్పు. షాబాజ్ గారు మంచి సలహా ఇచ్చారు. నేను వినలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయడం అన్యాయం. నన్ను క్షమించాలి. సనా, లెక్కల టీచర్.' తన విద్యార్థుల తల్లిదండ్రులందరూ చదువుతారని తెలుసు. పంపించేసింది.

"అతను ఎక్కడుంటాడు?"

"ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వస్తాడు. ఇప్పుడు రింగు రోడ్డులో ఏదో కొత్తిల్లు కడుతుంటే అక్కడ వైరింగ్ చేస్తున్నాడట."

*

ఆమె చేరేసరికి మబ్బు కమ్మేసింది. ఏప్రిల్ ఎండలో కాలిన మట్టి మీద మొదటి చినుకులు పడుతున్నాయి. స్లాబు మాత్రమే వేసిన ఇల్లు. తలుపుల్లేవు. లోపల సుత్తి చప్పుడు. గోడకి గాడి కొడుతున్నాడు షాబాజ్. జుట్టంతా సిమెంటు దుమ్ము.

"నీకు బుద్ధుందా?" అంది సనా.

సుత్తి ఆగింది. "సనా గారా? ఏటయింది? చాచా బాగున్నారా?"

"బాగున్నారు! ఉద్యోగం పోయిందని ఎందుకు చెప్పలేదు?"

అతను ఉలి కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. బయట వాన పెరిగింది. గుమ్మంలోంచి జల్లు లోపలికి కొడుతోంది. సనా రెండడుగులు ముందుకి వచ్చింది, వాన తప్పించుకోడానికే.

"చెప్తే మీరేం చేసేవారు?"

"సారీ చెప్పేదాన్ని. ఆ మెసేజ్ తీసేసేదాన్ని. వెళ్లి మాట్లాడేదాన్ని!"

"అదే. మీరు బాధపడి, సారీ చెప్పి, టీ ఇచ్చి, మంచిగా మాట్లాడేవారు. నాకది వద్దు."

"మంచిగా మాట్లాడ్డం వద్దా?"

"తప్పు చేసేనని మంచిగా మాట్లాడ్డం వద్దు." దుమ్ము పట్టిన ముఖంలో కళ్లు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి. "మీరు నా మీద అరిచినప్పుడు నిజంగా అరుత్తారు. అది బాగుంటాది."

"పిచ్చా నీకు?"

"ఏమో. మొదటి ఆదివారం చాచా కోసమే వచ్చేను. ఒట్టు. రెండో ఆదివారం..." ఆగాడు.

"రెండో ఆదివారం?"

"గీజరు ప్లగ్గు బుధవారమే దొరికింది. బుధవారమే తెచ్చి పెట్టొచ్చు. మీరు స్కూల్లో ఉంటారని ఆదివారం దాకా ఆగేను."

వాన స్లాబు మీద దబదబా కొడుతోంది. సనాకి ఏదో ఒకటి గట్టిగా అనాలనుంది. తడిసిన చున్నీ కొస పిండుకుంది.

"బుధవారం రావాల్సింది," అంది చివరికి. "ఆ నాలుగు రోజులూ గీజరు వెయ్యమని ఎవరినీ అడగలేక మా నాన్నగారు చన్నీళ్లతో స్నానం చేశారు."

"ఏప్రిల్లో వేణ్ణీళ్లెందుకండీ?"

"పక్షవాతం వచ్చిన ఒళ్లు! వేణ్ణీళ్లు పొయ్యాలి!"

"సరే, తప్పే. అరవండి."

"అరవను." ఆమె గొంతు తగ్గింది. "నేను ఊరుకోను. ఇప్పుడు నీ మీద నిజంగా కోపం వచ్చింది. ఉద్యోగం పోగొట్టినదాని ఇంటికొచ్చి, మూడు వారాలు ఒక్క మాట అనకుండా, నేను తీయమంటే పదిసార్లు మెయిన్ తీసి... నన్నెంత చిన్నదాన్ని చేశావో తెలుసా? నాకు ఇష్టమైన మనిషి విషయంలో నేను తప్పు చేస్తే నాకు తెలియాలి. దాచకూడదు."

షాబాజ్ ఒకడుగు ముందుకేశాడు. "ఏటన్నారు?"

"దాచకూడదన్నాను."

"అంతకు ముందు."

సనా తల పక్కకి తిప్పుకుంది. వానలో తడుస్తున్న స్కూటీని చూస్తూ అంది, "విన్నావు కదా. రెండోసారి చెప్పను."

షాబాజ్ నవ్వాడు. దుమ్మంతా పగిలి ముఖం మీద గీతలు పడ్డాయి. సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. అదీ దుమ్మే. ఆమె అలాగే తుడుచుకుంది.

*

దేవీప్రసాద్ గారు రెండు రోజుల తర్వాత షాబాజ్‌కి ఫోను చేసి మళ్లీ రమ్మన్నారు. అతను వెళ్లలేదు. గ్రూపులో సనా రెండో మెసేజ్ చదివినవాళ్లు నలుగురైదుగురు తమ ఇళ్లల్లో ముసలివాళ్లకి అలాంటి బటన్లే కావాలని అతన్ని పిలిచారు. ఒకామె రాజయ్యపేట నుంచి కూడా పిలిచింది. సంచి బైకుకి కట్టుకుని తిరుగుతున్నాడు.

ఎండలు దాటి స్కూళ్లు తెరిచిన మొదటి శుక్రవారం, నమాజు తర్వాత అతని తల్లి సకీనాబీ సంబంధం మాట్లాడ్డానికి ఎలమంచిలి నుంచి వచ్చింది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. మంచం ఎదురుగా కుర్చీలో కూర్చుని గదంతా పరికించింది. ఆదం తలగడ మీద కాస్త పైకి జరిగి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర షాబాజ్ లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు.

"మావాడి సంగతి మీకు తెలిసే ఉంటుంది, అన్నా," అంది సకీనాబీ. "నోరు జాస్తి. ముక్కు మీద కోపం."

"మా పిల్ల కూడా," అన్నాడు ఆదం.

సనా షర్బత్ గ్లాసుల పళ్లెం బల్ల మీద పెట్టింది. వారంనుంచి మనసులో కూడబెట్టుకున్న మాట ఇక ఆగలేదు. నాన్న నొచ్చుకుంటాడని తెలుసు. అయినా సకీనాబీని మేనత్తని పిలిచినట్టు పిలిచి అనేసింది.

"ఫూఫీ, మీరేమనుకున్నా సరే. ముందే చెప్పేస్తున్నాను. నేను మా అబ్బాని వదిలి ఎక్కడికీ రాను. ఈ ఇల్లు దాటి రాను. పెళ్లయినా రాను. అది కుదరదంటే ఇప్పుడే చెప్పండి, ఎవరికీ కోపం ఉండదు."

"సనా," అన్నాడు ఆదం, నొప్పిగా.

"లేదబ్బా. ఇది చెప్పాల్సిందే."

సకీనాబీ గ్లాసు అందుకుంది. నింపాదిగా ఒక గుక్క తాగింది.

"నిన్నెవరు రమ్మన్నారే?" అంది. "వీణ్ణి మీ ఇంటికి పంపించేద్దామని వచ్చేను. ఈ స్విచ్ ముక్కలు పెట్టి చూత్తానని నాలుగు నెలల్నుంచి మా ఇంట్లో ఒక్క గోడ మిగల్చలేదు. ఎటు చూసినా కన్నాలే. వంటింట్లో లైటు వెయ్యాలంటే నాకే భయమేత్తంది. పెద్దోడూ కోడలూ నన్ను బాగానే చూసుకుంటన్నారు. వీడొక్కడు వెళ్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటాది. తీసేసుకోండి."

మంచం మీంచి ఒక వింత చప్పుడు వచ్చింది. సనా కంగారుగా తిరిగి చూసింది. అబ్బా నవ్వుతున్నాడు. సగం ముఖం కదలకపోయినా, మిగతా సగంతోనే, భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు.

సనా గుమ్మం వైపు తిరిగింది. "ఇక్కడే ఉంటానని మీ అమ్మతో ఎప్పుడన్నావు?"

"వానలో ఇంటికెళ్లేనే, ఆ సాయంత్రం," అన్నాడు షాబాజ్.

"రెండు నెలలు! నాకు చెప్పకుండా! నేను వారంనుంచి నిద్రలేకుండా..."

"మీరే కదా దాచకూడదన్నారు. అందుకే అమ్మకి చెప్పేను."

"నా దగ్గర దాచకూడదన్నాను! నా దగ్గర!"

ఆదం ఎడమ చెయ్యి చాచి షాబాజ్‌ని పిలిచాడు. అతను వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ చెయ్యి అతని తల మీద పడింది, బరువుగా, చాలాసేపు.

"అరుస్తుంది," అన్నాడు ఆదం మెల్లగా. "అలవాటు చేసుకో."

"అయిపోయింది చాచా," అన్నాడు షాబాజ్.

పళ్లెంలో ఇంకో గ్లాసు మిగిలింది. సనా దాన్ని తీసుకొచ్చి, ఇంకా కోపంగానే, అతని చేతిలో పెట్టింది. చేతిని మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు.